కామా తర్వాతి జాగా

జనగామ,
గురువారం మధ్యాహ్నం.

చిరంజీవి అఖిలకు,

అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ బాపమ్మ, కుట్టుమిషను ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వు క్షేమంగా ఉండాలి, నీ దగ్గు మాత్రం క్షేమంగా ఉండకూడదు. కరెంటు పోయి మిషను మోటరు ఆగింది, అందుకే పట్టపగలు కాగితం ముందేసుకుని కూర్చున్నాను. బాపమ్మ గడపలో కూర్చుని మక్క కంకులు ఒలుస్తూ, "పిల్లకు రాస్తున్నవా? నేను అడిగిన్నని రాయి. మంచిగ తినుమని రాయి" అంటున్నది. రాశాను.

వారమంతా ఫోన్లు వార్డెన్ దగ్గరే ఉంటాయి, ఆదివారం ఇచ్చినా రూంలో అందరూ చెవులు రిక్కించి వింటారు, ఉత్తరం రాయమ్మా అని నువ్వు అడిగినప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటి అనుకున్నాను. ఇప్పుడు అలవాటైంది. ఫోన్‌లో అయితే నేను రెండు మాటలు అనేలోపే "సరే అమ్మా, ఉంటా అమ్మా" అని పెట్టేస్తావు. ఉత్తరంలో నన్ను మధ్యలో ఆపలేవు.

నువ్వు పరీక్ష పేపరులాగా వరసగా ప్రశ్నలు వేశావు. చెప్తాను. బాపమ్మ కంటి ఆపరేషన్ బాగా కుదిరింది. ఎంత బాగా అంటే, ఇంట్లో ఏ మూల దుమ్ము ఉన్నా ఇప్పుడు ఆమెకే ముందు కనపడుతున్నది, చీపురు మాత్రం నా చేతికే వస్తున్నది. మీ హాస్టలున్న మహబూబాబాద్‌ను ఇంకా పాత పేరుతో మానుకోట అనే అంటుంది, "మానుకోటల వానలు పడ్డయా అడుగు" అంటున్నది. ఇక దిండు గలీబు చిరిగిందని రాశావు. అది చిరగలేదు, ఒక పక్క కుట్టు విడిచి ఉంటుంది. మీ బాపు చొక్కాతో కుట్టింది కదా, బట్ట పాతబడింది. పారేయకు. దసరాకు వచ్చేటప్పుడు తీసుకురా, నేనే చూసుకుంటాను.

పోయిన ఆదివారం ఫోన్ చేస్తే ఎత్తలేదు, పక్క షాపు వాళ్ళను అడిగితే మన షట్టరు పొద్దటి నుంచి వేసే ఉందన్నారు, ఎక్కడికి పోయావని అడిగావు. దానికీ జవాబు ఉంది. కానీ ముందు నీ ప్రోగ్రాం సంగతి చెప్పాలి. దాటేస్తున్నానని అనుకోకు. ఆ జవాబుకు దారి ఇటు నుంచే ఉంది.

నువ్వు ఎండాకాలం సెలవుల్లో ఆ పాత ల్యాప్‌టాప్‌లో రాసిచ్చిన ప్రోగ్రాం పనిచేస్తున్నది. గిరాకీలు వాట్సాప్‌లో పంపిన మెసేజ్ ఒక పొడుగు వరసలో ఉంటుంది, దాన్ని ఇందులో వేస్తే కామా ఉన్న చోటల్లా ముక్క చేసి పక్కపక్కన పేరుస్తుంది. మొదటి ముక్క పేరు, తర్వాతిది కుట్టాల్సింది, ఆ తర్వాతిది కావాల్సిన రోజు. ఆ పేరు మీద ముందే ఎక్కించిన కొలతలు ఉంటే అవి కూడా తీసి చూపిస్తుంది. "అమ్మా, ఇది నువ్వు చేసే పనే. నువ్వు చాక్ గీత మీద బట్ట కత్తిరిస్తవు, ఇది కామా మీద మాటలు కత్తిరిస్తది" అని నువ్వు చెప్పిన రోజే నాకు అర్థమైంది. మొదటి ముక్కకు నంబరు ఒకటి కాదు, సున్నా అని ఎందుకు పెట్టారో మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు. ఏ బుద్ధిమంతుడి పనో అది.

కానీ బిడ్డా, నువ్వు అంత అందంగా రాసి గోడకు తగిలించిన బోర్డు ఎవరూ చదవలేదు. మధ్యలో కామా పెట్టండి అని రాశావా, ఒకామె కామాకు బదులు గులాబీ పువ్వు బొమ్మలు పెట్టింది. ఇంకొకామె ఏమీ పెట్టలేదు. ఎక్కువ మంది మాటకూ మాటకూ మధ్య ఖాళీ మాత్రం వదులుతున్నారు. అది చూసి నేనే ప్రోగ్రాం లోపలికి పోయి, నువ్వు కామా పెట్టిన చోట కామా తుడిచి ఖాళీ పెట్టాను. అవును, నీకు చెప్పకుండా. "సుజాత జాకెట్ బుధవారం" అని వేస్తే చక్కగా మూడు ముక్కలు పడ్డాయి. నేను కూడా ప్రోగ్రామర్‌నయ్యానని బాపమ్మకు చెప్పుకున్నాను. "జీతం ఎంతిస్తరు?" అని అడిగింది.

తర్వాత నర్మెట్ట పక్క తండా నుంచి చాందీ వచ్చింది, నీకు తెలుసు కదా, గట్టిగా నవ్వుతుంది. వాళ్ళింట్లో పెళ్ళి. తనకు, తోటికోడలు గోరీకి, ఆడబిడ్డ రజితకు మూడు జాకెట్లు కుట్టాలని బట్టలు, కొలతకు పాత జాకెట్లు మూటగట్టి ఇచ్చింది. నీ బోర్డు ప్రకారం మెసేజ్ కూడా పెట్టమన్నాను. పెట్టారు. బానోత్ చాందీ జాకెట్ శనివారం. బానోత్ గోరీ జాకెట్ శనివారం. బానోత్ రజిత జాకెట్ శనివారం. మనలో ఎవరు పేరు రాసినా ఇంటిపేరే ముందు రాస్తారు కదా. ఆ తండాలో సగం ఇళ్ళు బానోత్ వాళ్ళవే.

ఇప్పుడు నువ్వు నవ్వడం మొదలుపెట్టి ఉంటావు. నీ ప్రోగ్రాం మొదటి ముక్కను పేరు అనుకున్నది. ముగ్గురి పేరూ బానోత్ అయింది. కుట్టాల్సింది అన్న చోట చాందీ అని, కావాల్సిన రోజు అన్న చోట జాకెట్ అని పడింది. అది చూసైనా నాకు తెలివి రావాలి. రాలేదు. పెళ్ళి జాకెట్లే కదా, శనివారమే కదా, నాకు తెలుసులే అనుకున్నాను. మొదట చాందీ కొలతలు ఎక్కించాను. గోరీవి ఎక్కించబోతే, బానోత్ కొలతలు ఇప్పటికే ఉన్నాయన్నది. ఎప్పుడో ఎక్కించే ఉంటానని మురిసిపోయి మూడు జాకెట్లూ ఆ కొలతలకే కత్తిరించాను. మూటలో పాత జాకెట్లు పక్కనే ఉన్నాయి, ఒక్కసారి పరిచి చూడలేదు. కంప్యూటర్ చెప్పింది కదా అని ధీమా.

పెళ్ళికి ముందు రోజు ముగ్గురూ వచ్చారు. చాందీ దిట్టమైన మనిషి, గోరీ పుల్లలాగా ఉంటుంది. లోపల వేసుకుని చూసుకుందామని పోయిన గోరీ, జాకెట్‌ను రెండు చేతులతో వెనక పట్టుకుని బయటికి వచ్చింది. రజితది భుజం మీద నిలవడం లేదు. చాందీ ఇద్దరినీ చూసింది, నన్ను చూసింది.

"అక్కా, మా తండ మొత్తం ఒక్కతే మనిషనుకున్నవా ఏంది?" అన్నది.

తెల్లారితే పెళ్ళి. ఫోన్‌లో చెప్తే నీ రూం అంతా నవ్వుతుందని ఇన్నాళ్ళూ చెప్పలేదు గానీ, ఆ పూట నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. కుట్లు విప్పుతూ కూర్చుంటే ఆ సమయానికే ఒకాయన పరదా బట్ట పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. బస్టాండు వెనక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఆయన, పేరు ఓదెలు. అసలు ఊరు భూపాలపల్లి. ల్యాబ్ కిటికీకి పరదా కుట్టించడానికి వచ్చాడు. రేపు రమ్మన్నాను, కసురుకున్నానేమో కూడా. ఆయన పోలేదు. తెరిచి ఉన్న ల్యాప్‌టాప్ వైపు చూసి, "జర నేను చూడొచ్చునా మేడం?" అని అడిగాడు.

చూసి ఏమన్నాడంటే, "మీరు కత్తెర మంచిగనే పట్టిన్రు. గీతనే తప్పు జాగల గీసిన్రు" అన్నాడు. కామా ఉన్న చోట కత్తిరిస్తే బానోత్ చాందీ అన్నది ఒకే ముక్కగా ఉంటుంది, ఖాళీ ఉన్న చోట కత్తిరిస్తే మనిషే రెండు ముక్కలవుతుందని చెప్పాడు. మళ్ళీ కామా పెట్టాడు. అంతా తెలిసినవాడేం కాదు, మూడు చోట్ల తప్పు కొట్టి నాలుక కరుచుకున్నాడు. తర్వాత ఊరికే కూర్చోకుండా చిన్న కత్తెర తీసుకుని విప్పిన కుట్ల దారాలు తీస్తానన్నాడు. దారాలతో పాటు రజిత జాకెట్ లైనింగ్ కూడా కొంచెం కత్తిరించాడు. దాని మీద మళ్ళీ తిట్టాను. పొద్దుగూకే లోపల మూడూ సరిచేసి ఇచ్చాను. తెల్లారి చాందీ ఫోటో పంపింది. జాకెట్లు ముగ్గురికీ అతికినట్టు ఉన్నాయి, నీకు దసరాకు చూపిస్తాను.

ఆ దెబ్బతో చాందీ ఎంత జాగ్రత్తపడిందంటే, ఇప్పుడు మెసేజ్ పెడితే ఒక్కో ముక్క తర్వాత మరవకుండా కామా పెడుతుంది, అన్నీ అయిపోయాక చివర కూడా ఒకటి పెడుతుంది. బానోత్ చాందీ, లంగా, సోమవారం, కామా. దాన్ని వేస్తే మూడు ముక్కలు రావాల్సింది నాలుగు వచ్చాయి. నాలుగోదాంట్లో ఏమీ లేదు, ఖాళీ. మళ్ళీ ఏం పాడు చేశానో అని భయపడి, ఓదెలు గారు పరదా కోసం వచ్చినప్పుడు చూపించాను.

"ఏం పాడు కాలే మేడం. కామా పెట్టినమంటే ఇంకో మాట వస్తదని దాని లెక్క. రాకున్నా జాగా ఉంచుతది, పారెయ్యది" అన్నాడు.

"ఎంతసేపు ఉంచుతది?" అని అడిగాను.

"ఎవలన్న ఆడ రాసేదాక. లేకుంటే కామా తుడిచేదాక."

ఎందుకో ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది.

ఇక పరదాల ముచ్చట. ఆ ల్యాబ్‌కు కిటికీలు ఎన్ని ఉన్నాయో నేను చూడలేదు. ఆయన మాత్రం ఒక్కో కిటికీ బట్ట ఒక్కోసారి తెచ్చాడు. కుట్టాక తీసుకుపోవడానికి ఒకసారి, పొడుగు సరిపోలేదని ఒకసారి, సరిపోయిందని చెప్పడానికి ఒకసారి. కూర్చుని చాయ్ తాగి, నా ప్రోగ్రాంలో ఏదో ఒకటి సరిచేసి, ఒక్కోసారి సరిగ్గా ఉన్నది చెడగొట్టి పోయేవాడు. బాపమ్మ కొన్నాళ్ళు చూసి, "గా కాలేజీకి గోడలు లేవా పిల్లా? అన్నీ కిటికీలేనా?" అని అడిగింది. నేను మిషను గట్టిగా తొక్కాను, మోటరు ఉన్న మిషనును గట్టిగా తొక్కే పనే లేదని మరిచిపోయి.

అఖిలా, ఇప్పుడు ఆదివారం సంగతి చెప్తున్నాను. చుట్టుపక్కల ఎవరైనా ఉంటే కాగితం మడిచి, ఒంటరిగా ఉన్నప్పుడు చదువు.

మొన్న వినాయక చవితి అయిన వారానికి, చివరి పరదా తీసుకుపోతూ ఆయన గుమ్మంలో ఆగాడు. "ఇంటికి పోతే నాతోటి మాట్లాడేటోళ్ళు లేరు కల్పనగారూ. ఈడికొస్తే మీరు తిట్టినా మంచిగనే ఉంటది. రోజూ తిట్లు పడాలని ఉన్నది" అన్నాడు. ఆయనకు భార్య పోయి చాలా ఏళ్ళైంది, పిల్లలు లేరు. నాకు ఎదిగిన బిడ్డ ఉంది, నన్ను నమ్ముకుని అత్తమ్మ ఉంది అన్నాను. "అవ్వ లేని ఇంటికి, అఖిల లేని ఇంటికి నేను రాను. మనమిద్దరమే ఉంటే మీ నోటికి నాకూ భయమే" అన్నాడు. నవ్వొచ్చి సూది గుచ్చుకుంది.

బాపమ్మకు చెప్పడానికి నాకు చేతకాలేదు. ఆమె మీ బాపును కన్న తల్లి. ఏ నోటితో చెప్పాలి. ఒక రోజు ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే పక్కన కూర్చుని "అత్తమ్మా, ఒక మాట" అన్నాను. "గా కిటికీలాయన ముచ్చటేనా?" అన్నది తల ఎత్తకుండా. చాట పక్కకు పెట్టింది, కొంగుతో కళ్ళు తుడుచుకున్నది.

"నా కొడుకు పోయిండు బిడ్డా. నువ్వు పోలే. వానికి పెండ్లాన్ని చూసింది నేనే. నీకు మొగన్ని చూసేది గూడ నేనే. ఆదివారం పోయి వాళ్ళిల్లు చూసొద్దాం పా."

నేను ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. పెళ్ళై వచ్చిన నాటి నుంచి ఆమెతో నేను పోట్లాడని వారం లేదు, నీకు తెలుసు. ఇంత మనిషితో పోట్లాడానా అనిపించింది.

అలా ఆదివారం పొద్దున్నే షట్టరు వేసి భూపాలపల్లి పోయాం. బాపమ్మ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పరకాల దాటేలోపే ఎక్కడికి పోతున్నామో ఎందుకు పోతున్నామో కండక్టర్‌కు చెప్పింది. ఆయన మంచిగా జరగాలని దీవించి దింపాడు. దారిలో పోయే కండక్టర్‌కు తెలిసింది, నా బిడ్డకు తెలియదు అని అప్పుడే నా మనసులో ముల్లులాగా గుచ్చుకుంది. నువ్వు ఫోన్ చేసినప్పుడు ఫోన్ నా చేతిలోనే ఉంది. నీ పేరు చూసి ఎత్తలేకపోయాను. అబద్ధం చెప్పడం ఇష్టం లేదు, నిజం చెప్పే ధైర్యం లేదు.

ఓదెలు గారి అమ్మ పేరు గట్టమ్మ. పెద్ద కొడుకు బొగ్గు గనిలో పనిచేస్తాడు, ఆమె అతనితో గని కార్మికుల క్వార్టర్లో ఉంటుంది. మేం పోయేసరికి తీగ మీది బట్టలు దులిపి దులిపి తీస్తున్నది, అక్కడ ఎంత తెల్లగా ఉతికినా సన్నటి నలుపు వచ్చి కూర్చుంటుందట. మాకు మక్క గారెలు వేడివేడిగా పెట్టింది. బాపమ్మ, ఆమె మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుని చుట్టాలైపోయారు. ఓదెలు గారు వంటింట్లో నుంచి గారెలు మోస్తూ, నా వైపు చూడకుండా తిరిగాడు. అంతా బాగున్నదనుకునే సమయానికి గట్టమ్మ నన్ను అడిగింది.

"మీ బిడ్డ ఏమన్నది తల్లీ?"

ఇంకా చెప్పలేదన్నాను. ఆమె నాకు వెయ్యబోయిన గారె తిరిగి గిన్నెలో పెట్టింది.

"ఇదేంది మరి. బస్సెక్కి నా దాక వస్తివి, కడుపుల పుట్టినదానికి చెప్పకపోతివా? ముందుగాల ఆమెకు చెప్పు. ఆమె మనసార ఒప్పుకుంటెనే మళ్ళ రా. వద్దంటే రాకు, నేనేమనుకోను. నా కొడుకుకు గూడ గిదే చెప్తున్న."

క్షణం సేపు నాకు రోషం వచ్చింది. ఆ వెంటనే ఆమె మీద గౌరవం వచ్చింది. తిరిగొచ్చి ఇంటి దగ్గర దిగాక బాపమ్మ, "ఆ ముసల్ది చెప్పింది నిజమే" అన్నది.

అందుకే ఈ ఉత్తరం. నాకు ఆయనంటే ఇష్టం అఖిలా. నీకు ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, రాయకపోతే ఇంకా సిగ్గు. ఆయన వస్తున్నది మీ బాపు జాగాలోకి కాదు. ఆ జాగా ఎవరికీ రాదు, గోడకు మీ బాపు ఫోటో తగిలించిన మేకు కూడా కదలదు, నీ దిండు గలీబు నేను బతికి ఉన్నన్నాళ్ళు కుడుతూనే ఉంటాను. మీ బాపును తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది. ఓదెలు గారిని తలుచుకుంటే నవ్వొస్తుంది. రెండూ నావే, ఒకదాన్ని ఒకటి తోసేయడం లేదు. నాకే ఆశ్చర్యంగా ఉంది.

నువ్వు వద్దంటే పరదాలు అయిపోయాయని ఆయనకు చెప్పేస్తాను. కొన్నాళ్ళు బాధపడతాను, పడనని అబద్ధం చెప్పను. కానీ నీ మీద కోపం రాదు. ఒక్కటి మాత్రం చేయకు. "నీ ఇష్టం అమ్మా" అని రాయకు. చిన్నప్పటి నుంచి నువ్వు మనసులో వద్దనుకున్నప్పుడల్లా ఆ మాటే అంటావు. చీరలు చూపించినా అదే, కూర అడిగినా అదే. ఈసారి అది నాకు జవాబు కాదు.

నిన్న గిరాకీ లేక ల్యాప్‌టాప్ తెరిచి మన ఇంటి పేర్లు కొట్టాను. పెద్దది కాబట్టి బాపమ్మ ముందు, తర్వాత నేను, తర్వాత నువ్వు. మూడు ముక్కలు వచ్చాయి. బాపమ్మకు సున్నా నంబరు వచ్చిందని చెప్తే కోప్పడింది. తర్వాత ఊరికే, నీ పేరు పక్కన ఒక కామా పెట్టి మళ్ళీ నొక్కాను. నాలుగోది వచ్చింది. మాటకు అటూ ఇటూ ఉండే కొటేషన్ గుర్తులు రెండే, మధ్యలో ఏమీ లేదు. అక్కడ ఏం రాయాలో నా వేలికి తెలుసు. అక్షరం దాకా పోయి వెనక్కి వచ్చాను. ఆ పేరు నేనొక్కదాన్నే రాసేది కాదు.

ఈ కాగితం కింద అదే వరస రాసి పంపుతున్నాను. ఆ ముక్క కత్తిరించి, నీ ఉత్తరంలో పెట్టి తిరిగి పంపు. చివరి కామా కొట్టేసి పంపినా సరే. ముగ్గురం ఎప్పటిలాగే నిండుగా ఉంటాం, మనకు ఏ లోటూ లేదు. పేరు రాసి పంపినా సరే. నువ్వు ఎట్లా పంపితే అట్లాగే ల్యాప్‌టాప్‌లో ఎక్కిస్తాను. తొందర లేదు, ఆలోచించుకో. పుస్తకాలు మాత్రం పక్కన పడేయకు.

కరెంటు వచ్చింది. బతుకమ్మ జాకెట్లు కుప్ప పడి ఉన్నాయి. ఒంటికి వేడినీళ్ళు పోసుకో, మిరియాల పాలు తాగు.

ఇట్లు,
నీ జవాబు వచ్చేదాకా సూదిలో దారం సరిగ్గా ఎక్కించలేని
మీ అమ్మ,
కల్పన.

యాదమ్మ, కల్పన, అఖిల,